వంతుల కొలువు, పగటి నిద్ర



మదనపల్లె ప్రాంతమున లారీ కెక్కిన టమాటాలు మఱునాటి యుదయమునకు చెన్నపట్టణపు అంగళ్లలో నుండును. ఇది యెట్లు సాధ్యమగుచున్నది? కొత్తవాలుచావడిలో నుండిన టోకు బజారు 1996లో కోయంబేడునకు తరలినది. అచట లోకమంతయు నిద్రించు వేళ సరకు దిగును. మోయువారు, తూచువారు, లెక్క వ్రాయువారు రాత్రియంతయు మేలుకొందురు. చిల్లర వర్తకులు తెల్లవారకమునుపే వచ్చి కొనుక్కొని పోవుదురు. పట్టణములందలి పెద్ద దుకాణములలోను, సరకుల గిడ్డంగులలోను గూడ కొందఱు ఉదయము, కొందఱు మధ్యాహ్నము, కొందఱు రాత్రి పనిచేయుదురు. దీనినే షిఫ్టు పని యందురు. మనము వంతుల పని యనవచ్చును. మన పల్లెల బిడ్డలును ఇట్టి కొలువులలో ననేకులు కలరు.

అట్టివాడు ఇంటికి వచ్చి బారెడు ప్రొద్దెక్కువఱకు పడుకొనియున్నచో మనము సోమరి యందుము. ఈ మాట న్యాయమా? విచారింతము.

మనుష్యుని మెదడులో నొక గడియారము వంటిది కలదు. కంట బడు వెలుతురును బట్టి యది దినదినము సరిపడుచుండును. ఇట్టి గడియారము ప్రాణులలో నెట్లు నడచుచున్నదో పండ్ల యీగలయందు కనుగొన్న హాల్, రాస్‌బాష్, యంగ్ అను మువ్వురు అమెరికా శాస్త్రజ్ఞులకు 2017లో నోబెల్ బహుమానము లభించినది. తెల్లవారుజామున శరీరపు వేడిమి తగ్గును, బుద్ధి మందగించును. అప్పుడు బరువు లెత్తువాడు తొట్రిల్లును, లెక్క వ్రాయువాడు తప్పును. పగలు పడుకొన్నను లోపలి గడియారము లెమ్మనుచునే యుండును. కావున పగటి నిద్ర రాత్రి నిద్రకంటె ఒకటి మొదలు నాలుగు గంటలు తక్కువగును. ఈ లోటు ఏండ్ల తరబడి పేరుకొన్నచో జీర్ణకోశము, గుండె చెడును. రాత్రి వంతుల పని కాన్సరు వ్యాధికి బహుశః కారణము కాగలదని ప్రపంచారోగ్య సంస్థకు చెందిన పరిశోధనాలయము 2007లో చెప్పి, 2019లో మరల నదే నిర్ణయించినది.

దీనికి ఉపాయము లేకపోలేదు. మొదటిది యజమాని చేతిలోనిది. వంతులు ఉదయమునుండి మధ్యాహ్నమునకు, మధ్యాహ్నమునుండి రాత్రికి మారవలెను, వెనుకకు మారరాదు. ఏలయన లోపలి గడియారము 24 గంటలకంటె కొంచె మధికముగా నడచును. ఆలస్యముగా పడుకొనుట కది యోర్చుకొనును, ముందుగా పడుకొనుట కోర్వదు. రాత్రి దుకాణము మూసినవానినే తెల్లవారి తెఱువ బంపరాదు. ఐరోపా దేశములు దినమునకు ఎడతెగని 11 గంటల విశ్రాంతి నీయవలెనని 1993లోనే నిర్ణయించినవి. మన యొద్దను 1988 నాటి దుకాణముల చట్టము వారమునకు 48 గంటల పనిని హద్దుగా నుంచి, ఒక దినము సెలవును విధించినది.

రెండవది మన చేతిలోనిది. రాత్రి పనిచేసి వచ్చినవానికి చీకటి గది, నిశ్శబ్దము కావలెను. చుట్టములు వచ్చిరనియో, సంతకు పోవలెననియో లేపరాదు. కునికిపాటుతో మోటారు సైకి లెక్కనీయరాదు.

రాత్రివేళ మాత్రమే కరెంటు వచ్చిన దినములలో చేలకు నీరు కట్టి, పగలు అరుగుమీద నొరిగిన రైతును మనమెన్నడును సోమరి యనలేదు. పట్టణమున మేలుకొన్న బిడ్డకును ఆ మన్ననయే చెల్లవలెను.