రేసు డేటా, ఏఐ ఏజెంటు: అపోహలు – వాస్తవాలు

ఫార్ములా వన్ అభిమానుల్లో కోడింగ్ వచ్చినవాళ్లకు ఫాస్ట్‌ఎఫ్1 బాగా పరిచయం. పైథాన్‌లో రాసిన ఉచిత ఓపెన్‌సోర్స్ లైబ్రరీ అది. 2018 నుంచి జరిగిన రేసుల్లో ల్యాప్ సమయాలు, టైర్లు, కార్ల వేగం, గేర్లు అన్నీ పట్టికలుగా తెచ్చిపెడుతుంది. ఇన్నాళ్లూ దాన్ని మనుషులే వాడుకున్నారు. ఇప్పుడు "మొన్నటి రేసులో ఎవరి పేస్ బాగుంది?" అని మామూలు మాటల్లో అడిగితే చాలు, ఏఐ ఏజెంటే ఆ లైబ్రరీని నడిపి, లెక్క కట్టి జవాబు చెబుతోంది. దాంతో ఇలాంటి టూల్స్‌కి ఏజెంటు చదువుకునే డాక్యుమెంటేషన్ రాయడం కొత్త పనిగా వచ్చిపడింది. ఆ పని చుట్టూ అపోహలకూ కొదవ లేదు.

అపోహ: ఏఐ ఇంటర్నెట్టంతా చదివేసింది. దానికి కొత్తగా చెప్పేదేముంది?

వాస్తవం: చదివింది నిజమే, కానీ చాలావరకు పాతది. 1950 నుంచి ఫార్ములా వన్ ఫలితాలన్నీ అందించిన ఎర్గాస్ట్ సర్వీసుకు 2024 సీజన్‌తో కాలం చెల్లింది. ఆ స్థానంలోకి జోల్పికా వచ్చింది. అయితే ఏళ్ల తరబడి జనం రాసిన పాఠాలూ, ఉదాహరణలూ ఎర్గాస్ట్ చిరునామాతోనే ఉన్నాయి. చెప్పేవాళ్లు లేకపోతే ఏజెంటు ధీమాగా ఆ మూసిన తలుపే తడుతుంది. ఫాస్ట్‌ఎఫ్1లో కూడా ఒక డ్రైవర్ ల్యాపులు వేరుచేసే పాత ఫంక్షన్‌ని పక్కనపెట్టి మరొకటి తెచ్చారు. "ఇది వాడండి" అని రాస్తే సరిపోదు, "ఇది ఇక వద్దు" అని కూడా రాయాలి.

అపోహ: కాలమ్ పేర్లు చూస్తే అర్థమైపోతుంది, విడిగా వివరించక్కర్లేదు.

వాస్తవం: అసలు గండం ఇక్కడే ఉంది. థ్రాటిల్ కాలమ్‌లో ఉండేది శాతం. దాని పక్కనే ఉన్న బ్రేక్ కూడా శాతమే అనుకుంటాం. కాదు. డ్రైవర్ పెడల్ ఎంత గట్టిగా తొక్కాడో అందులో ఉండదు. తొక్కాడా లేదా, అంతే. దూరం అనే కాలమ్ ఎవరూ కొలిచింది కాదు. వేగాన్నీ కాలాన్నీ గుణించి కూడుకుంటూ పోయిన అంకె అది, కాబట్టి ల్యాప్ సాగేకొద్దీ తేడా పేరుకుంటుంది. ట్రాక్ మీద కారు ఎక్కడుందో చెప్పే అంకెలు మీటర్లలో ఉండవు, మీటరులో పదో వంతుల్లో ఉంటాయి.

ఇక టెలిమెట్రీ, అంటే కారు నుంచి వచ్చే ఈ కొలతలు, సెకనుకు సుమారు నాలుగుసార్లు మాత్రమే నమోదవుతాయి. గంటకు 300 కిలోమీటర్ల వేగంతో పోయే కారు రెండు నమోదుల మధ్య దాదాపు 20 మీటర్లు దాటేస్తుంది. మధ్యలో కనిపించే విలువలు అంచనా వేసి పూరించినవి. ఇలాంటి డేటా చేతపట్టుకుని "మొదటి మలుపులో ఫలానా డ్రైవర్ ఆరు మీటర్లు ఆలస్యంగా బ్రేక్ వేశాడు" అని చెబితే అది విశ్లేషణ కాదు, జోస్యం. గ్రాఫ్ గీసుకుని చూసే మనిషికి మెట్లుమెట్లుగా ఉన్న గీత కనిపించి ఎక్కడో ఒకచోట అనుమానం తగులుతుంది. ఏజెంటు చాలాసార్లు గ్రాఫ్ జోలికే పోదు, నేరుగా వాక్యం రాసేస్తుంది. కొలతల యూనిట్లు, నమోదు వేగం, ఏది కొలిచింది, ఏది లెక్కకట్టింది అన్నవి ప్రతి కాలమ్ పక్కనా రాసితీరాలి.

అపోహ: తప్పుగా అడిగితే ఎర్రర్ వస్తుంది, అప్పుడు అదే దిద్దుకుంటుంది.

వాస్తవం: ఎర్రర్ వస్తే అదృష్టమే. రేసు పేరు సరిగ్గా కలవకపోయినా ఫాస్ట్‌ఎఫ్1 దగ్గరగా ఉన్న పేరు వెతికి ఇచ్చేస్తుంది. 2020లో బహ్రెయిన్‌లో వారం తేడాతో రెండు రేసులు జరిగాయి: బహ్రెయిన్ గ్రాండ్ ప్రి, సాఖిర్ గ్రాండ్ ప్రి. కోవిడ్ సోకిన హామిల్టన్ స్థానంలో రస్సెల్ మెర్సిడెస్ నడిపింది రెండోదాంట్లో. "2020 బహ్రెయిన్‌లో రస్సెల్ మెర్సిడెస్ పేస్ ఎలా ఉంది?" అని అడిగితే ఏజెంటు బహ్రెయిన్ అన్న పేరు పట్టుకుని మొదటి రేసు తెచ్చుకోవచ్చు. అందులోనూ రస్సెల్ ఉన్నాడు, కానీ విలియమ్స్ కారులో. ట్రాక్ లేఅవుట్ కూడా వేరే: మొదటిదాంట్లో పోల్ సమయం 1 నిమిషం 27.264 సెకన్లు, రెండోదాంట్లో 53.377 సెకన్లే. ఎర్రర్ ఎక్కడా రాదు, జవాబు మాత్రం తప్పు. పేరుకు బదులు రౌండ్ నంబరు వాడమనీ, వచ్చిన రేసు పేరును తిరిగి సరిచూసుకోమనీ డాక్యుమెంట్‌లో రాస్తే ఈ బెడద ఉండదు.

డ్రైవర్ల మూడక్షరాల కోడ్‌లదీ ఇదే తంతు. పాత ఫలితాల్లో వీఈఆర్ అంటే వెర్‌స్టాపెనే కాదు, జాన్ ఎరిక్ వెర్న్ కూడా. హైదరాబాదీలు ఈయన్ని మరిచిపోయి ఉండరు: 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ రేసు గెలిచింది ఆయనే.

అపోహ: ఎంత పొడుగ్గా రాస్తే అంత మేలు.

వాస్తవం: ఏజెంటు ఒకేసారి దృష్టిలో పెట్టుకోగల పాఠానికి హద్దు ఉంది. ముందు సెషన్ లోడ్ చేయాలి, క్యాష్ ఆన్‌లో ఉంచాలి, సగటు తీసేముందు పిట్ ల్యాపులు, సేఫ్టీ కార్ ల్యాపులు తీసేయాలి. ఈ వరస, పనిచేసే ఒక చిన్న ఉదాహరణ ఉంటే పది పేజీల వర్ణన అక్కర్లేదు.

అపోహ: రేసు జరుగుతుండగానే అడగొచ్చు.

వాస్తవం: ఫాస్ట్‌ఎఫ్1 అందుకు కాదు. సెషన్ ముగిశాక కొంతసేపటికి గానీ డేటా పూర్తిగా అందదు. డాక్యుమెంట్‌లో ఈ ఒక్క వాక్యం లేకపోతే ఏజెంటు సగం రేసుకే విజేతను తేల్చేయగలదు.

ఇలాంటి టూల్ తయారుచేస్తున్నవాళ్లకు ఒక మనవి. "ఈ డేటాలో లేనివి" అని ఒక విభాగం తప్పకుండా పెట్టండి. అందులో మొదటి వరుసగా ఇది రాయండి: ఏ కారులో ఎంత ఇంధనం ఉందో ఇక్కడ తెలియదు, అడిగితే తెలియదనే చెప్పాలి.