పాత బండికి స్టెయిన్‌లెస్ స్టీలు సైలెన్సర్: మెరుపు కాదు, అతుకు చూడాలి

సరిహద్దు గ్రామాలలో పాత వాహనాన్ని అంత తేలికగా వదులుకోరు. పెళ్లిళ్లకు, తిరునాళ్లకు, అవతలి రాష్ట్రంలోని ఆసుపత్రికి, సంతకు కుటుంబమంతటినీ మోసుకుపోయే జీపు గాని, వ్యాను గాని, చిన్న కారు గాని ఇంటి మనిషితో సమానం. అంబాసిడర్, మారుతి 800 కార్ల తయారీ 2014లోనే నిలిచిపోయినా, అవి నేటికీ మన రహదారులపై కనిపిస్తూనే ఉన్నాయి. ఇటువంటి బండ్లలో ఇంజను ఆరోగ్యంగా ఉన్నా ముందుగా శిథిలమయ్యేది సైలెన్సర్, దాని గొట్టాలు. మార్చవలసి వచ్చినప్పుడు దుకాణదారు చూపించేది తళతళలాడే స్టెయిన్‌లెస్ స్టీలు. ధర ఎక్కువే అయినా "జన్మలో తుప్పు పట్టదు" అనే మాట విని కొనేవారు అనేకులు. ఆ మాటలో ఎంత నిజముందో, కొనేముందు ఏయే విషయాలు పరిశీలించాలో ఈ వ్యాసంలో వివరంగా తెలుసుకుందాం.

గొట్టం చేసే అసలు పని

శబ్దాన్ని అణచడమే సైలెన్సర్ పని అని సాధారణంగా భావిస్తాము. అంతకంటె ముఖ్యమైన పని మరొకటి ఉంది. ఇంజనులో పుట్టే విషవాయువులను మనుషులు కూర్చున్న చోటికి చేరనీయకుండా బండి వెలుపలికి పంపడం. ఆ వాయువులలో కార్బన్ మోనాక్సైడ్ అత్యంత ప్రమాదకరమైనది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ప్రాణవాయువుకంటె దీనిని రెండు వందల రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం, మగత దీని లక్షణాలు. దూరప్రయాణంలో వెనుక సీటులో పిల్లలు నిద్రపోతే అలసట అనుకుంటాము. పాత బండి నేలరేకుకు చిల్లులు పడి, దాని కిందనే గొట్టం పగిలి ఉంటే అది అలసట కాకపోవచ్చు. అందువలన సైలెన్సర్ మార్పిడిని అలంకారంగా గాక, కుటుంబ రక్షణకు సంబంధించిన విషయంగా చూడాలి.

తుప్పు లోపలి నుండే మొదలవుతుంది

ఒక లీటరు పెట్రోలు మండితే సుమారు ఒక లీటరు నీరు ఆవిరి రూపంలో వెలువడుతుంది. దూరం నడిచిన బండిలో గొట్టం బాగా వేడెక్కి ఆ ఆవిరి బయటికి పోతుంది. ఇంటి నుండి బస్టాండు వరకు, పొలం వరకు మాత్రమే తిరిగే బండిలో గొట్టం వేడెక్కక మునుపే ఇంజను ఆగిపోతుంది. ఆవిరి నీరై సైలెన్సర్ డబ్బా అడుగున నిలుస్తుంది. పొగలోని ఆమ్లాలు అందులో కరిగి ఇనుమును లోపలి నుండి తినివేస్తాయి. పైన రంగు చెక్కుచెదరకుండా ఉండగానే ఒకనాడు డబ్బా అడుగు ఊడిపడడానికి కారణం ఇదే. కొన్ని సైలెన్సర్లకు అడుగున సన్నని రంధ్రం ఉంటుంది. అది నీరు కారిపోవడానికి ఉద్దేశించినది. చిల్లు పడిందనుకొని దానిని వెల్డింగుతో పూడ్పించరాదు.

స్టెయిన్‌లెస్ అన్నీ ఒకటి కావు

1913లో ఇంగ్లండులోని షెఫీల్డ్ నగరంలో హ్యారీ బ్రియర్లీ అనే లోహశాస్త్రజ్ఞుడు క్రోమియం కలిపిన ఉక్కు తుప్పును తట్టుకొంటుందని గుర్తించాడు. ఉక్కులో క్రోమియం కనీసం పదిన్నర శాతం ఉంటే దాని ఉపరితలంపై కంటికి కనబడనంత పలుచని పొర ఏర్పడుతుంది. గీత పడినా గాలి తగలగానే ఆ పొర తిరిగి ఏర్పడుతుంది. ఈ లోహానికి, మన ప్రాంతాలకు దగ్గర సంబంధమే ఉంది. దేశంలోని క్రోమియం ఖనిజంలో అత్యధిక భాగం ఒడిశాలోని జాజ్‌పూర్ జిల్లా సుకిందా లోయలో దొరుకుతుంది. తమిళనాడులోని సేలం ఉక్కు కర్మాగారం స్టెయిన్‌లెస్ రేకులకు ప్రసిద్ధి.

సైలెన్సర్లలో వాడే రకాలను అంకెలతో గుర్తిస్తారు. 409 రకంలో క్రోమియం సుమారు 11 శాతం. కార్ల కంపెనీలు విరివిగా వాడేది ఇదే. పైన కొద్దిగా గోధుమరంగు తేలినా చాలా ఏళ్లు మన్నుతుంది. 439 రకంలో క్రోమియం 17 శాతానికి పైగా ఉంటుంది. 304 రకంలో క్రోమియం సుమారు 18 శాతం, నికెల్ సుమారు 8 శాతం. మెరుపు, మన్నిక, ధర మూడూ ఎక్కువే. 201 రకంలో ఖరీదైన నికెల్‌ను తగ్గించి మాంగనీసు కలుపుతారు. కొత్తగా ఉన్నప్పుడు చూపులకు 304 వలెనే ఉంటుంది గాని తుప్పును అంతగా తట్టుకోలేదు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. అయస్కాంతం అంటుకుంటే నకిలీ అని, అంటుకోకపోతే అసలైనదని మనలో ఒక నమ్మకం ఉంది. ఇది సైలెన్సర్ల విషయంలో దారి తప్పిస్తుంది. మంచి రకాలైన 409, 439 లకు అయస్కాంతం గట్టిగా అంటుకొంటుంది. చౌకరకమైన 201 కు అంటుకోదు. 304 కూడా వంచిన చోట కొద్దిగా అంటుకోవచ్చు. కనుక అయస్కాంతాన్ని నమ్మడం కంటె, రకం అంకెను, రేకు మందాన్ని రసీదుపై వ్రాయించుకోవడం మేలు. వ్రాసి ఇవ్వడానికి వెనుకాడే దుకాణంలో కొనకపోవడమే మంచిది.

గొలుసు బలమంతా బలహీనమైన కొక్కెంలోనే

గొట్టం 304 రకమే అయినా, దానికి అతికిన ఫ్లాంజి, క్లాంపు, బోల్టులు మామూలు ఇనుమువైతే ముందు పోయేవి అవే. పైగా తడి తగిలినప్పుడు, స్టెయిన్‌లెస్‌ను ఆనుకొని ఉన్న ఇనుము మరింత వేగంగా తుప్పు పడుతుంది. డబ్బా వెలుపలి రేకు మాత్రమే స్టెయిన్‌లెస్, లోపలి గొట్టాలు, పలకలు మామూలు ఇనుము అయిన సరుకు కూడా అమ్ముడుపోతూ ఉంటుంది. "లోపలి భాగాలు కూడా ఇదే రకమా?" అని తప్పక అడగాలి.

వెల్డింగ్ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. స్టెయిన్‌లెస్ గొట్టాన్ని మామూలు ఇనుప రాడ్‌తో అతికితే ఆ అతుకు వద్దనే తుప్పు మొదలవుతుంది. ఆర్గాన్ వెల్డింగ్ చేసే చోటికే తీసుకుపోవాలి. స్టెయిన్‌లెస్‌ను మామూలు ఇనుముతో కలపవలసి వస్తే దానికి తగిన 309 రకపు తీగ వాడాలి. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ తీగ విప్పించాలి. పెట్రోలు గొట్టానికి, కొత్త గొట్టానికి మధ్య తగినంత ఎడం ఉన్నదో లేదో చూడాలి.

కొలత తప్పితే మైలేజి తప్పుతుంది

గొట్టం లావైతే బండికి బలం వస్తుందన్నది మరొక అపోహ. పాత బండి ఇంజనుకు కంపెనీ నిర్ణయించిన వ్యాసమే సరైనది. లావు గొట్టం వలన శబ్దం పెరుగుతుందే గాని, తక్కువ వేగంలో లాగుడు తగ్గవచ్చు. రెండు స్ట్రోకుల మోటారు సైకిళ్లలో సైలెన్సర్ ఆకారమే ఇంజను పనితీరులో భాగం కనుక ఆకారాన్ని అసలే మార్చరాదు.

304 రకం వేడికి మామూలు ఇనుము కంటె ఎక్కువగా సాగుతుంది. రెండు మీటర్ల గొట్టం 300 డిగ్రీల మేర వేడెక్కితే మామూలు ఇనుము సుమారు 7 మిల్లీమీటర్లు సాగితే, 304 సుమారు 10 మిల్లీమీటర్లు సాగుతుంది. ఆ సాగుడుకు చోటివ్వాలంటే హ్యాంగర్ రబ్బర్లు కొత్తవి వేయించాలి. గొట్టాన్ని ఇనుప తీగతో బిగించి కడితే కొద్ది నెలలకే అతుకు వద్ద పగులుతుంది.

2000 తరువాతి పెట్రోలు కార్లలో అధిక భాగానికి పొగను శుద్ధిచేసే కన్వర్టర్ ఉంటుంది. సైలెన్సర్ మార్చే నెపంతో దానిని తీసివేసే మెకానిక్కులు ఉన్నారు. అందులో విలువైన లోహాలుంటాయి కనుక పాత కన్వర్టర్‌కు అంగడిలో ధర పలుకుతుంది. మీ ఎదుటనే పని చేయించండి.

సరిహద్దు దాటినా చట్టం ఒక్కటే

మోటారు వాహనాల చట్టం కేంద్ర చట్టం. 1989 నాటి కేంద్ర నియమావళిలోని 120వ నియమం ప్రకారం సైలెన్సర్ తప్పనిసరి. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలను ఉల్లంఘిస్తే 2019 సవరణ అనంతరం తొలి నేరానికే గరిష్ఠంగా మూడు నెలల జైలు లేదా పదివేల రూపాయల జరిమానా లేదా రెండూ విధించవచ్చు. లైసెన్సుకు మూడు నెలల అనర్హత కూడా ఉంది. అక్కడికక్కడ కట్టించుకునే మొత్తం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. పొగ పరీక్ష ధ్రువపత్రం పాత ప్రమాణాల బండికి ఆరు నెలలు, భారత్ నాలుగవ దశ, ఆపై వాటికి ఏడాది చెల్లుతుంది. పదిహేనేళ్లు నిండిన సొంత బండికి రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ సమయంలో తనిఖీ ఉంటుంది. కనుక సైలెన్సర్ పని దానికి ముందే పూర్తిచేసుకోవడం వివేకం.

ఎవరికి ఏది తగును?

బండిని రెండు మూడేళ్లలో అమ్మదలచినవారికి అల్యూమినియం పూత గల ఉక్కు సైలెన్సర్ చాలును. నేలరేకు, ఛాసిస్ ఇప్పటికే తినివేయబడి ఉంటే ముందుగా ఆ మరమ్మతుకే డబ్బు వెచ్చించాలి. పదేళ్లు ఉంచుకోదలచినవారికి, చిన్న దూరాలే ఎక్కువగా తిరిగేవారికి 409 లేదా 439 రకం సరిపోతుంది. యానాం వంటి సముద్రపు గాలి తగిలే చోట 304 కు పెట్టిన డబ్బు వృథా కాదు. అయితే ఉప్పు దానిపై కూడా గోధుమ మచ్చలు వేయగలదు. అప్పుడప్పుడు బండి కింది భాగాన్ని మంచినీటితో కడగాలి. ఇనుప పీచుతో మాత్రం రుద్దరాదు. దాని రేణువులు అంటుకొని అవే తుప్పు పడతాయి.

బిగించిన తరువాత ఆరుబయట చల్లని ఇంజనును నడిపించి, వెనుక గొట్టానికి మందపాటి గుడ్డను కొన్ని క్షణాలు అడ్డుపెట్టి చూడాలి. మధ్యలో ఎక్కడైనా బుసమనే శబ్దం వస్తే అక్కడ కారుతున్నట్లే. కొద్ది రోజుల తరువాత అతుకుల వద్ద నల్లని మసి కనిపించినా అంతే. మూసివున్న షెడ్డులో ఈ పరీక్ష చేయరాదు. రాగి, ఉలవ పంటను రహదారిపై పరచి నూర్చే కాలంలో మరొక జాగ్రత్త కూడా అవసరం. బండి కింద చుట్టుకున్న గడ్డి వేడి గొట్టానికి తగిలి మంటలు రేగే ప్రమాదముంది. అటువంటి చోట దాటిన వెంటనే బండి ఆపి, కిందికి వంగి, చుట్టుకున్న గడ్డిని కర్రతో తొలగించాలి. వేడి గొట్టాన్ని చేతితో తాకరాదు.

రకం అంకె వ్రాసిన రసీదు, ఆర్గాన్ అతుకు, కొత్త రబ్బర్లు, చివరన గుడ్డ పరీక్ష. ఈ నాలుగూ సరిగా ఉంటే మెరుపు కొంత తగ్గినా విచారించనక్కరలేదు. ఈ నాలుగింటిలో ఏది లోపించినా ఎంత ఖరీదైన సైలెన్సరూ వెనుక సీటులో నిద్రించే పిల్లలకు పూర్తి రక్షణ ఇవ్వలేదు.