లాగును దండెముపై ఆరవేయు విధము

విద్యార్థులారా! బట్టను ఉతుకుట సగము పని. ఆరవేయుట తక్కిన సగము. పాఠశాలకు ధరించు లాగులు ఒకటి రెండు మాత్రమే గల బాలునకు, సాయంకాలము ఉతికినది ఉదయమునకు ఆరకున్న చిక్కు ఎంతటిదో తెలియును. తడి లాగును తొడిగికొనినచో తొడల సందున చెమ్మ నిలిచి తామర వ్యాపించును. కావున ఈ పనిని శ్రద్ధతో నేర్వవలయును.

తడి బట్టను నీరు రెండు విధముల విడుచును. మొదట తన బరువుచే క్రిందికి జారి బొట్లుగా రాలును. పిమ్మట మిగిలినది ఆవిరియై గాలిలో కలియును. లాగునందు కాళ్లు పలుచనివి. నడుముపట్టీయు, జేబులును, కుట్లును దళసరివి. కాళ్లు ఆరినను నడుము తడిగనే యుండుటకు కారణమిదియే.

ముందుగా లాగును బాగుగా పిండి, రెండు మూడు మారులు గట్టిగా విదిలింపవలయును. పిమ్మట తిరగవేయవలయును. అట్లు చేసిన జేబుసంచులకు గాలి తగులును. ఎండకు పైరంగు వెలిసిపోదు. తరువాత ఒక్కొక్క కాలిని కుట్టుపై కుట్టు వచ్చునట్లు సరిచేసి, కాలి అంచులను పైకిని, నడుముపట్టీని క్రిందికిని ఉంచి, క్లిప్పులతో తగిలింపవలయును. నడుము బరువు కాళ్లను సాగదీయుటచే ముడుతలు పోవును. ఇస్త్రీ శ్రమ తగ్గును.

"నీరంతయు దళసరి పట్టీలోనికే దిగునుగదా" యని కొందరందురు. అది నిజమే. మన కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతముల వేసవి యెండలో దానివలన నష్టము లేదు. కాని జూను మొదలు సెప్టెంబరు వరకు గాలియందే తేమ మిక్కుటము. అప్పుడు పట్టీని పైకి ఉంచుటయే మేలు. రెండు త్రాళ్లను ప్రక్కప్రక్కన కట్టి, పట్టీ ముందంచును ఒకదానికిని, వెనుకంచును రెండవదానికిని తగిలించినచో, లాగు గొట్టమువలె తెరచుకొని లోపలను గాలి యాడును. ఏ కాలమందైనను లాగును నడిమికి మడిచి దండెముపై వేయరాదు. మడతలోని తడి ఆరదు, గుర్తు పడును.

ఇక దండెమును గూర్చి. ఇనుప తీగ త్రుప్పు పట్టి బట్టకు మరకలు చేయును. అంతకంటె గొప్ప కీడు వేరొకటి కలదు. 2022 జూలై నెల వర్షములలో కామారెడ్డి పట్టణమందలి బీడీ కార్మికుల కాలనీలో, బట్టలు ఆరవేయు తీగకు విద్యుత్తు ప్రసరించి, ఇద్దరు పిల్లలతో సహా ఒకే కుటుంబమున నలుగురు మరణించిరి. కావున దండెమునకు ఇనుప తీగకు బదులు నైలాను త్రాటిని వాడుడు. విద్యుత్ స్తంభమునకుగాని, కరెంటు తీగలు తగులు రేకులకుగాని, ఇనుప కమ్ములకుగాని దానిని కట్టకుడు. ఎవరికైనను షాకు తగిలినచో వారిని ముట్టకుడు. ముందు మెయిను స్విచ్చిని ఆపుడు. అది వీలుకానిచో, పొడిచోట నిలిచి, పొడి కఱ్ఱతో తీగను తొలగింపుడు.

ఈనాడు ఆరని లాగు రేపైనను ఆరును. పోయిన ప్రాణము మరల రాదు. దండెము ఎచ్చట కట్టబడెనో మీ మీ యిండ్లలో నేడే చూచుకొనుడు.