ఏడికి వోయింది బిడ్డా? – 404 కథ

వరంగల్ మట్టెవాడలో మా గల్లీ మలుపు దగ్గర చిన్న జిరాక్స్ షాపు ఉంది. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, గోడ నిండా దరఖాస్తుల నమూనాలు. మొన్న ఒక మధ్యాహ్నం ఆధార్ కాపీల కోసం నిలబడి ఉంటే, పక్క స్టూలు మీద ఒక అవ్వ మడతలు పడ్డ కాగితం పట్టుకొని కూర్చుంది. మనవరాలు రాసిచ్చిన వెబ్ చిరునామా అది. పింఛను దరఖాస్తు అందులో ఉందట. షాపు పిల్లవాడు ఓపిగ్గా ఒక్కొక్క అక్షరం కొట్టాడు. తెల్లటి తెర, నడుమ ఇంగ్లీషులో ఒక ముక్క, దాని పక్కన 404.

“పేజీ లేదంటాంది అవ్వా.”

“లేకపోతె ఏడికి వోయింది బిడ్డా? మొన్ననే మా పోరి చూసింది గద!”

పిల్లవాడి దగ్గర జవాబు లేదు, తెర దగ్గరా లేదు. అవ్వ కాగితం మడిచి కొంగుకు కట్టుకుంది. ఆ ప్రశ్న నాతోపాటు ఇంటికొచ్చింది. ఈ మూడంకెలు ఎక్కడ పుట్టాయి? అవ్వకు వీటితో బదులు చెప్పించలేమా?

404 పుట్టిల్లు జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనశాల. టిమ్ బెర్నర్స్-లీ అక్కడ 1989 మార్చిలో వెబ్ ఆలోచనను కాగితం మీద పెట్టి, 1990 చివరికల్లా మొదటి సర్వర్‌ను, మొదటి బ్రౌజర్‌ను నడిపించాడు. ఆ తొలినాళ్ల వెబ్‌లో అంకెలు లేవు. బ్రౌజర్ ఒక పేజీ అడిగేది, సర్వర్ ఏదో ఒకటి పంపేది. వచ్చింది అసలు పేజీయో, ‘దొరకలేదు’ అన్న కబురో మనిషి చదివి తెలుసుకోవాల్సిందే. యంత్రానికి తేడా తెలిసేది కాదు. అందుకే 1992లో రాసుకున్న కొత్త నియమాల్లో ప్రతి జవాబుకూ ముందు మూడంకెల గుర్తు చేర్చారు. ఫైళ్లు పంపుకునే పాత పద్ధతుల్లో అప్పటికే ఇలాంటి మూడంకెల జవాబులు వాడుకలో ఉన్నాయి. ఆ నియమాల పేరు హెచ్‌టీటీపీ. 1996 మేలో వెలువడిన హెచ్‌టీటీపీ 1.0 పత్రంలో ఆ జాబితా స్థిరపడింది.

మొదటి అంకె కబురు ఏ తరగతిదో చెబుతుంది. 2 అయితే పని జరిగింది. 3 అయితే ఇంకో చోటికి వెళ్లాలి. 4 అయితే అడిగినదాంట్లో తేడా ఉంది. 5 అయితే సర్వరే తడబడింది. నాలుగో తరగతిలో 400, 401, 402, 403 తర్వాత వరసలో వచ్చింది కనుక అది 404. సెర్న్‌లో 404 నంబరు గదిలో మొదటి సర్వర్ ఉండేదని, దాని పేరే దీనికి వచ్చిందని ఒక కథ ప్రచారంలో ఉంది. బెర్నర్స్-లీతో కలిసి వెబ్‌ను పెంచిన రాబర్ట్ కైయో అది కట్టుకథేనని కొట్టిపారేశాడు.

అసలు పేజీలు మాయమయ్యే వీలు ఎందుకు ఉంచారు? 1965లో ‘హైపర్‌టెక్స్ట్’ అనే మాటను లోకానికిచ్చిన టెడ్ నెల్సన్ ఊహలో లింకు రెండు వైపులా ముడి. ఒక కొస కదిలితే రెండో కొసకు తెలిసిపోతుంది. బెర్నర్స్-లీ ఒక వైపు ముడితోనే సరిపెట్టాడు. నేను మీ పేజీకి లింకు ఇవ్వాలంటే మీ అనుమతి అక్కర్లేదు, మీకు చెప్పనక్కర్లేదు. ఆ స్వేచ్ఛ వల్లనే వెబ్ ప్రపంచమంతా అల్లుకుంది. దానికి చెల్లించిన మూల్యం, మీరు పేజీ తీసేసిన సంగతి నాకు తెలియకపోవడం. అమెరికాలోని ప్యూ రీసెర్చ్ సెంటర్ 2024లో లెక్క తీస్తే, 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్లకు అందకుండా పోయాయని తేలింది.

404కు ఇద్దరు తోబుట్టువులున్నారు. 301 అంటే ఇల్లు మారారు, కొత్త చిరునామా ఇదిగో అని. బ్రౌజర్ మనల్ని అడగకుండానే అక్కడికి తీసుకెళ్తుంది. 410 అంటే తీసేశాం, ఇక రాదు అని. ఈ రెండింటిలో ఏదీ చెప్పలేనప్పుడు మిగిలేది 404. అవ్వ అడిగిన ‘ఏడికి వోయింది’కి నిజమైన జవాబు 301 దగ్గరే ఉంది. దాన్ని పెట్టాల్సింది పేజీని కదిలించిన మనిషి.

మా మట్టెవాడ సంగతే చూడండి. ఊరు ఉన్నచోటే ఉంది. 2016 అక్టోబరు 11న పాత వరంగల్ జిల్లా విడిపోతే మేము వరంగల్ అర్బన్ వాళ్లమయ్యాం. 2021 ఆగస్టులో అర్బన్ హనుమకొండ జిల్లా అయితే మేము మళ్లీ వరంగల్ జిల్లాలోకి వచ్చాం. అయిదేళ్లలో రెండు మార్పులు. జిల్లా పేరుతో చిరునామాలు కట్టుకున్న ప్రతిచోటా పాత చిరునామాల మీద దారి చూపే పలక పెట్టాల్సిన కాలమది.

పేరు రాయడంలోనూ చిక్కులే. హనుమకొండ, హన్మకొండ, అనుమకొండ మూడూ ఒకటేనని మనకు తెలుసు, సర్వర్‌కు తెలియదు. తెలుగు లిపిలో చిరునామా అయితే ఇంకో ముడి పడుతుంది. ‘మట్టెవాడ’ అన్న మాటలో యూనికోడ్ గుర్తులు 8. ఒక్కొక్కటి 3 బైట్లు, మొత్తం 24. చిరునామాలో ఒక్కో బైటును శాతం గుర్తుతో కలిపి 3 అక్షరాలుగా రాస్తారు కాబట్టి మన నాలుగక్షరాల ఊరి పేరు 72 అక్షరాల తాడవుతుంది. దాన్ని వాట్సాప్‌లో పంపేటప్పుడు కొసన ఒక్క అక్షరం తెగినా పేజీ దొరకదు.

అయితే ప్రతి 404 సర్వర్ చిట్టాలో ఒక వరస రాసి పోతుంది. ఏ రోజు, ఏ గంటకు, ఏ చిరునామా అడిగారు, ఏ పేజీ నుంచి వచ్చారు, జవాబు 404. గ్రంథాలయంలో పాఠకులు అడిగి దొరకని పుస్తకాల పేర్లు రాసుకునే రిజిస్టరు లాంటిది ఇది. ఒకే చిరునామా నూరుసార్లు కనిపిస్తే ఎక్కడో పాత లింకు మిగిలి ఉందని అర్థం. అక్కడ 301 పెట్టాలి. లేని విషయాన్నే పదేపదే అడుగుతుంటే జనానికి ఆ సమాచారం కావాలని అర్థం. ఆ పేజీ రాయాలి. వారానికోసారి ఈ చిట్టా చదివే నిర్వాహకుడికి జనం అవసరాలు వేరే సర్వే లేకుండానే తెలుస్తాయి.

పాత లింకులు చచ్చిపోవడం తెలుగు పాఠకులకు అనుభవంలో ఉన్నదే. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న రాజ్ రెడ్డి పది లక్షల పుస్తకాలను డిజిటల్ రూపంలోకి తేవాలని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుంచి పూనుకున్నారు. మన దేశంలో అది డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అయింది. ఎక్కడా దొరకని పాత తెలుగు పుస్తకాలు వేలాదిగా అందులోకి చేరాయి. కాపీహక్కుల చిక్కుల మధ్య 2017లో ఆ సైటు మూతపడింది. తెలుగు వికీపీడియా వ్యాసాల కింద మూలాలుగా ఇచ్చిన లింకులు ఎన్నో చచ్చిపోయాయి. పుస్తకాలు మాత్రం చావలేదు. లక్షల ప్రతులు అప్పటికే ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరి ఉన్నాయి. ఎక్కించినవారు చేసిన మేలైన పని ఒకటుంది. పాత సైటులో పుస్తకానికున్న సంఖ్యనే కొత్త చిరునామా కొసన ఉంచారు. చచ్చిపోయిన లింకు చివర ‘2015’ అన్న సంఖ్య పక్కనున్న అంకెలు చూసి, అదే సంఖ్యను ఆర్కైవ్‌లో వెతికితే పుస్తకం చేతికొస్తుంది. ఇల్లు మారినా ఇంటి నంబరును వెంట తీసుకెళ్లడమంటే ఇదే.

‘పేజీ లేదు’ అన్న మాటను పిలుపుగా మార్చింది వికీపీడియా. అక్కడ ఇంకా రాయని వ్యాసానికి ఇచ్చిన లింకు ఎర్రగా కనిపిస్తుంది. ఆ వ్యాసం చిరునామా తెరిస్తే సర్వర్ యంత్రానికి 404 అనే చెబుతుంది, మనిషికి మాత్రం ఈ పేజీని మీరే మొదలుపెట్టవచ్చని దారి చూపిస్తుంది. స్పినెల్లిస్, లూరిడాస్ అనే గ్రీకు పరిశోధకులు 2008లో చూపించిన సంగతి ఇది: ఎర్ర లింకు పడ్డాక కొద్దికాలానికే చాలా వ్యాసాలు పుడతాయి, రాసేది ఎక్కువగా లింకు పెట్టినవారు కాదు, ఇంకెవరో. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలోనూ ఈ ఎర్ర లింకులున్నాయి. ఒకే ఊరికి నాలుగు రకాల రాతలుంటే కలిపేందుకు అక్కడివాళ్లు పెట్టుకున్న ‘దారిమార్పు’ అన్న పేరు నాకు ఎంతో ఇష్టం.

మనసును తాకే వాడకం ఇంకొకటుంది. 2012లో బెల్జియంలోని చైల్డ్ ఫోకస్, మిస్సింగ్ చిల్డ్రన్ యూరప్ సంస్థలు ఒక చిన్న కోడ్ తయారుచేశాయి. దాన్ని పెట్టుకున్న సైటులో దొరకని పేజీ స్థానంలో తప్పిపోయిన ఒక పాప లేదా బాబు ఫొటో, వివరాలు కనిపించేవి. వేల సైట్లు దాన్ని వాడాయి. మన దగ్గర తప్పిపోయిన పిల్లల కోసం ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ జరుగుతాయి. తెలుగు వార్తల సైట్ల 404 పేజీలన్నీ ఆ పిల్లల ముఖాలు చూపిస్తే ఎంత మేలు!

ఇవన్నీ చేయలేకపోయినా మూడు పనులు ఏ కార్యాలయమైనా చేయవచ్చు. పేజీ లేదన్న మాటను తెలుగులో చెప్పడం. పక్కనే వెతుక్కునే పెట్టె, ఫోన్ నంబరు ఉంచడం. మనిషికి ఎంత మర్యాదగా చెప్పినా, యంత్రానికి మాత్రం 404 అనే నిజం పంపడం. లేని పేజీకి ‘ఉంది’ అన్న 200 పంపితే సెర్చ్ ఇంజన్లు ఆ ఖాళీ పేజీనే దాచుకొని ఇంకో నలుగురిని అక్కడికే తోలుతాయి.

ఆ సాయంత్రం నేను అదే సైటు మొదటి పేజీ నుంచి వెతుక్కుంటూ వెళ్తే, అవ్వకు కావాల్సిన దరఖాస్తు కొత్త పేరుతో ఇంకో అరలో దొరికింది. మర్నాడు షాపులో ప్రింటు తీసి ఇచ్చాం. అవ్వ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి అంది:

“ఇల్లు మారితె, గీడికి వోయినమని తలుపు మీద రాసిపెట్టరాదా బిడ్డా!”