ఎలుక వండిన వంకాయ కూర, పేరులో ఇమామ్ గారు

వంటింట్లో ఎలుక కనబడితే ఎవరైనా చీపురే అందుకుంటారు. ఆ ఎలుకే ప్యారిస్‌లో చెఫ్ కావాలనుకుంటే? 2007లో పిక్సార్ తీసిన 'రాటటూయి' కథ అదే. ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ కూడా అందుకుంది.

రెమీ అనే ఈ ఎలుక రెండు కాళ్ల మీద నడవాలని చూస్తుంది, తిండి పట్టుకునే చేతులకు మురికి అంటకూడదట! వంట రాని లింగ్విని టోపీలో దాక్కుని, జుట్టు లాగుతూ అతనిచేత వండిస్తుంది.

మహా కఠినుడైన విమర్శకుడు ఈగోకి రెమీ వడ్డించేది మాంసం కాదు, వంకాయ, టమాటా వగైరా పలచగా తరిగి పేర్చిన పల్లెటూరి కూర. ఒక్క ముద్దకే అతనికి అమ్మ వంట గుర్తొస్తుంది.

అసలు విశేషం ఇక్కడుంది. సినిమా కోసం ఆ వంటకం తయారుచేసిచ్చిన అమెరికన్ చెఫ్ థామస్ కెల్లర్, ఫ్రెంచి చెఫ్ మిషెల్ గెరార్ చేసిన 'కాన్ఫీ బయాల్దీ' పద్ధతి తీసుకున్నారు. ఆ పేరేమో టర్కీ వాళ్ల 'ఇమామ్ బయిల్డి' నుంచి వచ్చింది. అంటే 'ఇమామ్ గారు మూర్ఛపోయారు' అని! ఉల్లి, టమాటా కూరి ఆలివ్ నూనెలో వండే వంకాయ అది. బగారా బైంగన్ వండుకునే ఇళ్లకు అంత కొత్తగా ఏమీ అనిపించదు.

చిన్నపిల్లలతో చూసేవాళ్లకు ఒక మాట: హెడ్ చెఫ్ లింగ్వినికి వైన్ తాగించే సీను ఒకటి ఉంది. ఎలుకల సంగతి కూడా సినిమా దాచదు. అవి బయటపడ్డాక ఆ హోటల్ మూతపడుతుంది, మెచ్చుకుంటూ రాసిన ఈగో ఉద్యోగమూ పోతుంది.