‘?’ తప్ప మరో మాట రాని ఎడిటర్

ఎడిటర్‌ను మార్చాలంటే ఆ ఎడిటర్‌తోనే మార్చాలి. అది కాస్తా చెడిపోతే, బాగు చేయడానికి మళ్లీ ఎడిటరే కావాలి! కూర్చున్న కొమ్మను నరుక్కోవడం లాంటి ఈ పనిని ఈమధ్య సరదాగా చేసి చూశా. రోజూ ఆఫీసులో చేసే ఉద్యోగం కంటే ఎక్కువే నేర్పింది.

నేను ఎంచుకున్నది 1975లో బెల్ ల్యాబ్స్ విడుదల చేసిన యూనిక్స్ ఆరో ఎడిషన్. అది నడిచింది పీడీపీ-11 అనే కంప్యూటర్ మీద. ఇప్పుడు ఆ మెషీన్ ఎక్కడ దొరుకుతుంది అంటారా? అక్కర్లేదు. బాబ్ సప్నిక్ మొదలుపెట్టిన ‘సిమ్‌హెచ్’ అనే ఉచిత ప్రోగ్రామ్ మన ల్యాప్‌టాప్‌లోనే పీడీపీ-11ని సృష్టిస్తుంది. పాత యూనిక్స్ కోడ్‌ను వాడుకోవడానికి 2002లో అనుమతి కూడా వచ్చేసింది.

సిస్టమ్ మొత్తం మూడు డిస్కుల్లో సరిపోతుంది. ఒక్కో డిస్కు సుమారు 2.5 మెగాబైట్లు. అంటే మీ ఫోన్‌లో తీసిన ఒక్క ఫొటో కూడా అందులో పట్టకపోవచ్చు! ఇక మెమరీలో ఒక ప్రోగ్రామ్‌కి ఒకేసారి కనిపించేది 64 కిలోబైట్లే.

ఇందులోని ఎడిటర్ పేరు ‘ఈడీ’. రాసింది యూనిక్స్ సృష్టికర్తల్లో ఒకరైన కెన్ థాంప్సన్. తెరిస్తే ఫైల్‌లో ఎన్ని అక్షరాలున్నాయో చెప్పి ఊరుకుంటుంది. లైన్లు చూపించదు, పలకరించదు. మనం తప్పు చేస్తే ‘?’ అంటుంది. అంతే! ఏం తప్పో మనమే కనుక్కోవాలి.

ఎందుకంత పొదుపు? అప్పట్లో చాలామందికి స్క్రీన్ లేదు. టెలిటైప్ అనే టైపు మిషన్ లాంటిది కాగితం మీద సెకనుకు 10 అక్షరాలు కొట్టేది. ఇవాళ్టి 80 అక్షరాలు, 24 లైన్ల తెరను నింపాలంటే 1,920 అక్షరాలు కావాలి. దానికి మూడు నిమిషాల పైనే పడుతుంది. అలాంటప్పుడు పెద్ద ఎర్రర్ మెసేజ్ ఎవరికి కావాలి చెప్పండి?

నేను చేయాలనుకున్న మార్పు చిన్నదే. ‘?’ బదులు ‘ఏంటి?’ అనిపించాలి. తెలుగు లిపిలో కుదరదు. అప్పటి ఆస్కీ కోడ్‌లో ఉన్నవి 128 గుర్తులే. ఇవాళ యూటీఎఫ్-8లో ‘తెలుగు’ అనే మూడక్షరాల మాటకే 18 బైట్లు కావాలి. అందుకని ఇంగ్లిషు అక్షరాల్లోనే రాశా.

ముందు సోర్స్ కోడ్ ఉన్న డైరెక్టరీలోకి వెళ్లాలి. ‘సీడీ’ కొడితే పనిచేయదు, ‘సీహెచ్‌డీఐఆర్’ అని పూర్తిగా కొట్టాలి. బ్యాక్‌స్పేస్ కూడా మనం అనుకున్నట్టు చెరపదు. ఒక అక్షరం చెరపాలంటే హ్యాష్ గుర్తు, లైనంతా తీసేయాలంటే ‘ఎట్’ గుర్తు. ఈడీతో ఈడీ కోడ్‌నే తెరిచి, ‘?’ ఉన్న లైన్ వెతికి మార్చి సేవ్ చేశా. తెరిచినప్పటి సంఖ్య కంటే సేవ్ చేసినప్పటి సంఖ్య సరిగ్గా 4 ఎక్కువ. నేను చేర్చింది నాలుగే అక్షరాలు. అంటే ఇంకేదీ పాడవలేదన్నమాట! ఆ ఊరికే కనిపించే అంకె ఎందుకుందో అప్పుడు అర్థమైంది.

తర్వాత ‘సీసీ’ కంపైలర్‌కి ఇస్తే ‘ఎ.అవుట్’ అనే ఫైల్ వచ్చింది. దాన్ని వెంటనే అసలు చోట పెట్టేయకూడదు. ముందు ఉన్నచోటే నడిపి, ఓ చిన్న ఫైల్ రాసి, సేవ్ చేసి, మళ్లీ తెరిచి చూశా. ఆ తర్వాత పాత ఈడీని వేరే పేరుతో పక్కన దాచి, కొత్తదాన్ని ‘బిన్’ డైరెక్టరీలోకి కాపీ చేశా. ఇన్‌స్టాలేషన్ అయిపోయింది! విజర్డ్ లేదు, ‘నెక్స్ట్, నెక్స్ట్’ బటన్లు లేవు. ఆపే ముందు ‘సింక్’ కొట్టడం మాత్రం మర్చిపోకూడదు. లేకపోతే మెమరీలో ఉన్న మార్పులు డిస్కుకు చేరకుండానే పోవచ్చు.

ఆలోచిస్తే, ఇవాళ పెద్ద పెద్ద సర్వర్లలో మేం చేసేదీ ఇదే. కొత్త వెర్షన్‌ను విడిగా పరీక్షించడం, పాతదాన్ని వెనక్కి తెచ్చుకునే దారి ఉంచుకోవడం, డేటా డిస్కుకు చేరిందో లేదో చూసుకోవడం. ఇప్పుడు ఆ పనులన్నీ టూల్స్ చేసేస్తున్నాయి. కోడ్ కూడా ఏఐ రాసిపెడుతోంది. అర్ధరాత్రి ఆ టూల్ మొండికేసినప్పుడు మాత్రం, లోపల ఏం జరుగుతుందో తెలిసినవాడే గట్టెక్కుతాడు.

ఈడీ వంశం ఇంకా బతికే ఉంది. లండన్‌లో జార్జ్ కులూరిస్ దాన్ని కాస్త సులువు చేసి ‘ఈఎం’ రాశారు. అది చూసిన బర్కిలీ విద్యార్థి బిల్ జాయ్ ‘ఎక్స్’, ఆపై ‘వీఐ’ తయారుచేశారు. వీఐలో కర్సర్ కదపడానికి వాడే హెచ్, జే, కే, ఎల్ కీలు గుర్తున్నాయా? జాయ్ వాడిన ఏడీఎం-3ఏ టెర్మినల్‌లో బాణం గుర్తులు ఆ అక్షరాల మీదే ఉండేవి. లైనక్స్‌లో రోజూ వాడే ‘గ్రెప్’ పేరు కూడా ఓ ఈడీ కమాండ్ నుంచి పుట్టిందే.

మీ దగ్గర మ్యాక్ ఉంటే టెర్మినల్ తెరిచి ‘ఈడీ’ అని కొట్టి చూడండి. లైనక్స్‌లో లేకపోతే క్షణాల్లో వేసుకోవచ్చు. ఏదో ఒకటి తప్పుగా టైప్ చేయండి, అదే ‘?’ పలుకుతుంది. కంగారు పడకండి. బయటికి రావాలంటే ‘క్యూ’ నొక్కి ఎంటర్ కొడితే చాలు.