క్రొత్త బ్యాటరీ కొనుటకు ముందు

సెల్ఫ్ స్టార్టు గల పవర్ టిల్లరు అదనులో కదలనిచో మార్కాపురం, గిద్దలూరు మెట్ట రైతులు వెంటనే క్రొత్త బ్యాటరీ కొనరాదు. దోషము చార్జింగులో ఉండవచ్చును.

ముందుగా ఇంజను ఆపి టెర్మినళ్ళ చిలుము తీసి, వైర్లు బిగించి, బెల్టు, ఫ్యూజు చూడవలెను. పిదప వోల్టుమీటరుతో కొలువవలెను. నిండుగా చార్జి అయిన 12 వోల్టుల బ్యాటరీ, ఇంజను ఆపిన కొన్ని గంటలకు, సుమారు 12.6 చూపును. ఇంజను వేగముగా నడుచునపుడు 13.8 నుండి 14.5 వరకు ఉండవలెను. అంకె పెరగనిచో డైనమోను, రెగ్యులేటరును పరీక్ష చేయించవలెను. 15 దాటినచో రెగ్యులేటరు చెడినట్లే. చార్జింగు సరిగా ఉండియు, వైర్లు విడదీసి ఉంచినను రాత్రికి రాత్రే దిగిపోయినచో దోషము బ్యాటరీదే.

ఈ ప్రాంతపు బోరు నీటిలో లవణములెక్కువ. బ్యాటరీలో డిస్టిల్డు వాటరే పోయవలెను. ఇంజను నడుచుచుండగా బ్యాటరీ వైరు ఊడదీయరాదు, డయోడులు కాలిపోవును.